‘ఫిక్స్’ అని ఒక్క మాట రాశాను, తప్పంతా నాదేనా?

ఈసారి ఉత్తరం రాసిన పాఠకుడు హైదరాబాద్‌లో ఒక మధ్యస్థాయి సాఫ్ట్‌వేర్ సంస్థలో మూడేళ్లుగా పనిచేస్తున్నారు. శ్రీకాకుళం జిల్లాలో పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివి, పాలిటెక్నిక్ మీదుగా బీటెక్ చేసి ఉద్యోగంలోకి వచ్చారు. ఎనిమిది మంది ఉన్న ఆయన టీమ్ మందుల దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారు చేస్తుంది. కొన్ని నెలల క్రితం ఒక క్లయింట్ అకౌంటెంట్ ఫోన్ చేసి, జీఎస్‌టీ పైసలను బిల్లు మొత్తం మీద ఒకేసారి సర్దడం (రౌండ్ చేయడం) వల్ల సరుకు వాపసు వచ్చినప్పుడు లెక్క కుదరడం లేదని, ఒక్కో వస్తువు వరుసకు విడిగా సర్దాలని అడిగారట. మన పాఠకుడు ఆ మార్పు చేసి, కమిట్ మెసేజ్‌లో (కోడ్ మార్పును భద్రపరిచేటప్పుడు, అంటే కమిట్ చేసేటప్పుడు, దానికి జతచేసే వివరణలో) ‘ఫిక్స్’ అని ఒక్క మాట రాసి పంపేశారు. తర్వాత అదే ఫైలును సర్దుతున్న సహోద్యోగిని ఒకరు, ఈ వరుసవారీ లెక్క ఎందుకో అర్థం కాక, దాన్ని తీసేసి పాత పద్ధతికే మార్చి, ‘క్లీనప్’ అని రాశారు. నెలాఖరుకు క్లయింట్ లెక్కల్లో మళ్లీ తేడాలు వచ్చాయి. మీటింగులో కొత్త లీడ్ ఆ ఫైలు చరిత్రను తెర మీద పెట్టగా, “ఫిక్స్ అని మాత్రమే ఉంటే నాకేం తెలుస్తుంది?” అని ఆమె అన్నారు. అందరి చూపూ తన మీదికే తిరిగిందని ఈయన బాధ.

ఆ మర్నాడే లీడ్ ఒక నమూనా పంపి, ఇకపై ప్రతి కమిట్‌లోనూ టికెట్ నంబరు (ఆ పనిని నమోదు చేసుకున్న నంబరు), కారణం, పరీక్షించిన విధానం ఉండి తీరాలన్నారు. టీమంతా ‘అన్నా’ అని పిలిచే సీనియర్ మాత్రం, “కోడ్ రాయడానికి జీతమిస్తున్నారా, కథలు రాయడానికా? చివరికి అన్నీ స్క్వాష్ చేసి మెర్జ్ చేసేవే కదా” అని కొట్టిపారేశారు. చిన్న కమిట్‌లన్నిటినీ ఒకటిగా కలపడం స్క్వాష్, దాన్ని అందరి కోడ్‌లో చేర్చడం మెర్జ్. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈయన నాలుగు వాక్యాల మెసేజ్ రాస్తే, దాన్ని గట్టిగా చదివి ఆ ఇంగ్లీషును చూసి నవ్వించిందీ ఆ సీనియరే. అప్పటి నుంచీ ‘ఫిక్స్’, ‘అప్‌డేట్’, ‘చేంజెస్ డన్’ తప్ప ఈయన మరేమీ రాయడం లేదు. ఇప్పుడు ఏఐ సహాయకంతో మెసేజ్‌లు రాయించుకోవచ్చా అని కూడా ఆలోచిస్తున్నారు. జరిగినదానికి నిజంగా తానే బాధ్యుడా, తన ఇంగ్లీషుతో ఇవి రాయగలనా, లీడ్ మాట వినాలా అన్న మాట వినాలా అన్నవి ఆయన ప్రశ్నలు.

మీ ఉత్తరంలో మూడు వేర్వేరు విషయాలు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉన్నాయి. మీటింగులో జరిగింది ఒకటి, మీ ఇంగ్లీషు మీద మీకున్న బెరుకు మరొకటి, ఇద్దరు పెద్దల మధ్య ఇరుక్కోవడం ఇంకొకటి. ఈ మూడింటినీ కలిపి చూస్తున్నంత కాలం మీకు అవమానమే కనబడుతుంది, దారి కనబడదు.

ముందు మీటింగు సంగతి. ఫైలు చరిత్ర తెర మీదికి వచ్చినప్పుడు రెండు కమిట్‌లు కనిపించాయి. మీ ‘ఫిక్స్’ కారణం చెప్పలేదు, నిజమే. ఆమె ‘క్లీనప్’ కూడా లెక్క పద్ధతి మారుతోందని చెప్పలేదు. కోడ్‌ను శుభ్రం చేయడం అంటే ఫలితం మారకుండా రూపాన్ని సర్దడమని అందరూ అనుకుంటారు, కాబట్టి ఆ మాట చూసిన రివ్యూయర్ ఎవరైనా పైసల లెక్క మారిందని అనుమానించరు. ఆ రెండు మార్పులనూ రివ్యూ చేసి మెర్జ్ చేసినవారు కూడా ఉన్నారు కదా! వాళ్లు మిమ్మల్ని గానీ ఆమెను గానీ “ఇది ఎందుకు?” అని ఒక్క ప్రశ్న అడగలేదు. పైగా వరుసవారీ లెక్కను తనంతట తానే పరీక్షించే చిన్న ప్రోగ్రామ్, అంటే టెస్ట్, ఒక్కటి ఉన్నా, ఆమె మార్పు చేసిన నిమిషంలోనే అది విఫలమై ఆపేసేది. కనుక మీ వాటా ఉంది, కానీ అది మొత్తం కాదు. ఈ మాట మీరు మీటింగులో వాదించి నిరూపించాల్సిన అవసరం లేదు. మీ మనసులో లెక్క సరిగా ఉంటే చాలు, ఆమెతో మామూలుగా మాట్లాడగలుగుతారు. ఆమె అన్న మాటలో మీ మీద కోపం కన్నా తన మీదికి రాబోతున్న నింద గురించిన భయమే ఎక్కువగా ఉన్నట్టు నాకు అనిపిస్తోంది.

ఆ మార్పుకు అసలు కారణం ఎక్కడుందో గమనించారా? అది కోడ్‌లో లేదు, టికెట్‌లో లేదు, ఒక ఫోన్ సంభాషణలో ఉంది. కోడ్‌ను ఎంత జాగ్రత్తగా చదివినా, పన్నును ఒక్కో వరుసకు సర్దుతున్నారని తెలుస్తుందే తప్ప, ఒక అకౌంటెంట్ ఫోన్ చేసి అలా అడిగారని తెలియదు. పొలం కొనేటప్పుడు ఈసీ (ఆ భూమి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) తీస్తే అది ఎవరి నుంచి ఎవరికి ఏ తేదీన మారిందో తెలుస్తుంది గానీ, ఏ షరతుల మీద మారిందో తెలియాలంటే అసలు దస్తావేజు తెరిచి చదవాల్సిందే. కమిట్‌లో మారిన వరుసలు, పేరు, తేదీ గిట్ (కోడ్ మార్పుల చరిత్రను దాచే సాఫ్ట్‌వేర్) తనంతట తానే భద్రపరుస్తుంది. షరతులు మాత్రం మీరు రాస్తేనే ఉంటాయి. ఆ ఫోన్ మాట్లాడింది మీరొక్కరే కనుక, దాన్ని రాయగలిగింది కూడా మీరొక్కరే.

ఇక్కడి నుంచి మీ ఇంగ్లీషు ప్రశ్నకు వెళ్దాం, ఎందుకంటే మీ ఉత్తరంలో ఎక్కువ బరువు దాని మీదే ఉంది. గిట్‌ను లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో లినక్స్ కెర్నల్ (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి కోడ్) కోసం తయారు చేశారు. ఆ ప్రాజెక్టులో మార్పులు ఈమెయిల్ ద్వారా తిరిగేవి, నేటికీ చాలావరకు అలాగే తిరుగుతాయి. ఒకరి ముఖం ఒకరు చూడని వేలాది మంది, ఇంగ్లీషు మాతృభాష కానివారు ఎందరో, ఆ మెయిళ్లతోనే పనిచేస్తారు. కమిట్ మెసేజ్ ఆకారం కూడా మెయిల్‌ నుంచి వచ్చిందే. మొదటి వరుస మెయిల్ సబ్జెక్టు, ఆ తర్వాత ఒక ఖాళీ వరుస, ఆ కింద విషయం. గిట్ సొంత పత్రాలే మొదటి వరుసను 50 అక్షరాలకు మించకుండా రాయమని సూచిస్తాయి. కింది భాగాన్ని వరుసకు 72 అక్షరాల దగ్గర విరవడం ఆనవాయితీ. గిట్ లాగ్ మెసేజ్‌ను ఎడమవైపు నాలుగు ఖాళీలు వదిలి చూపిస్తుంది కాబట్టి, 80 అక్షరాల వెడల్పున్న టెర్మినల్‌లో 72 హాయిగా సరిపోతుంది. ఇవి చట్టాలు కావు. మొదటి వరుసలో 54 అక్షరాలు వస్తే ఎవరూ ఉరి తీయరు.

ఈ ఆకారం మీలాంటివారికి అనుకూలంగానే ఉంది. కెర్నల్ నియమాల ప్రకారం మెసేజ్‌ను ఆజ్ఞాపిస్తున్నట్టుగా రాయాలి, అంటే ‘ఇలా మార్చాను’ అని కాక ‘ఇలా మార్చు’ అని. గిట్ స్వయంగా రాసే మెర్జ్, రివర్ట్ మెసేజ్‌లూ అలాగే మొదలవుతాయి. అందువల్ల భూత వర్తమాన కాలాల తడబాటు, ‘హ్యాజ్ బీన్’, ‘హ్యాడ్ బీన్’ల గొడవ మొదటి వరుసలో ఉండనే ఉండదు. మీ మార్పునే తీసుకుంటే, మొదటి వరుసను ‘రౌండ్ జీఎస్‌టీ పర్ లైన్, నాట్ ఆన్ బిల్ టోటల్’ అని రాయవచ్చు. ఇంగ్లీషు లిపిలో ఖాళీలతో కలిపి ఇది 37 అక్షరాలు. ఇందులో మీకు తెలియని మాట ఒక్కటీ లేదు.

ఆ కింద రాయాల్సింది ముందు తెలుగులో అనుకోండి. ‘బిల్లు మొత్తం మీద ఒకేసారి సర్దితే, ఒక వస్తువు వాపసు వచ్చినప్పుడు దాని పన్ను వాటా బిల్లుతో కలవడం లేదు. మూడు వస్తువుల మీద ఒక్కోదానికి 10.334 చొప్పున పన్ను పడితే, మొత్తం మీద సర్దినప్పుడు 31.00 వస్తుంది, ఒక్కొక్కటిగా వాపసు చేస్తే 10.33 చొప్పున 30.99 మాత్రమే వెనక్కి వెళ్తుంది, ఒక పైసా మిగిలిపోతుంది. క్లయింట్ అకౌంటెంట్ ఫోన్‌లో కోరినందున వరుసవారీగా మార్చాం. పాత బిల్లులను ఇది మార్చదు.’ ఇంతే. దీన్ని చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలుగా మార్చినప్పుడు ఒక ‘ద’ తప్పిపోయినా, ఒక క్రియ చివర ‘ఎస్’ మరిచిపోయినా, అందులో ఉన్న 31.00, 30.99 అంకెలు తప్పిపోవు. మీ సహోద్యోగిని ఈ నాలుగు వాక్యాలు చూసి ఉంటే ఆ వరుస మీద చెయ్యి వేసేవారు కాదు. అందులోని వ్యాకరణాన్ని ఎంచేవారని కూడా నేను అనుకోను.

నేరుగా తెలుగులోనే రాయకూడదా అని మీకు తోచవచ్చు. గిట్‌కు అభ్యంతరం లేదు, అది మెసేజ్‌ను అన్ని లిపులకూ పనికొచ్చే యూటీఎఫ్-8లో భద్రపరుస్తుంది కనుక తెలుగు నిక్షేపంగా ఉంటుంది. మీ సొంత ప్రాజెక్టులో అలా రాసుకోవడం మంచి సాధన కూడా. కానీ టీమ్‌లో తెలుగు చదవలేనివారు ఒక్కరున్నా, రేపు వచ్చి చేరినా, ‘ఫిక్స్’ అన్న మాట మీ సహోద్యోగినిని ఎక్కడ వదిలేసిందో తెలుగు మెసేజ్ వాళ్లను అక్కడే వదిలేస్తుంది.

ఏఐ సహాయకం సంగతి కొంచెం జాగ్రత్తగా చూడండి. మారిన వరుసలను మాత్రమే చూపి మెసేజ్ రాయమంటే, అది చూసిందే రాస్తుంది. ‘పన్ను లెక్కను లూప్ లోపలికి మార్చడమైనది’ అన్నట్టు శుభ్రమైన ఇంగ్లీషులో, కోడ్ చూసిన ఎవరికైనా తెలిసిపోయే విషయాన్నే చెబుతుంది. ఆ ఫోన్ సంగతి దానికి తెలియదు. తెలియనప్పుడు ఊరుకోకుండా, పనితీరు మెరుగుపరచడానికనో చదవడానికి సులువుగా ఉండడానికనో ఒక కారణం కల్పించే ప్రమాదం కూడా ఉంది. కారణం లేని మెసేజ్ చూస్తే చదివేవారు అడిగి తెలుసుకుంటారు, తప్పుడు కారణం ఉంటే నమ్మి ముందుకు పోతారు. అందుకే ఇది మరీ చేటు. మీరే నాలుగు వాక్యాలు మీకొచ్చిన ఇంగ్లీషులో రాసి, భాష మాత్రం దిద్దమని అడిగితే అది వేరే విషయం. అందులో మోసమేమీ లేదు. సంస్థ నియమాలు అలాంటి సాధనాల్లో కోడ్‌నూ క్లయింట్ వివరాలనూ పెట్టనిస్తాయో లేదో ముందు లీడ్‌ను అడగండి. పనయ్యాక దిద్దిన దాన్ని మళ్లీ చదివి, మీరు చెప్పని మాట ఏదైనా అందులో చేరిందేమో చూసుకోండి.

జరిగిపోయిన కమిట్‌ను ఏం చేయాలి? ఆ పాత మెసేజ్‌ను వెనక్కి వెళ్లి దిద్దాలని మీకు అనిపిస్తోందని రాశారు. అమెండ్, ఇంటరాక్టివ్ రీబేస్ అనే సాధనాలు అందుకే ఉన్నాయి గానీ, అవి మీ యంత్రం దాటని కమిట్‌లకే సురక్షితం. మెసేజ్‌లో ఒక్క అక్షరం మారినా ఆ కమిట్ హ్యాష్ (దాన్ని గుర్తించడానికి గిట్ ఇచ్చే పొడవైన సంకేతం) మారుతుంది, దాని మీద కట్టిన తర్వాతి కమిట్‌లన్నిటి హ్యాష్‌లూ మారతాయి. అందరూ వాడుతున్న మెయిన్ బ్రాంచ్‌లో ఆ పని చేసి బలవంతంగా పుష్ చేస్తే, అంటే అందరి సర్వర్‌లోకి పంపితే, మిగతా ఏడుగురి కాపీలూ అడ్డం తిరుగుతాయి. ఒక్క మాట దిద్దబోయి ఇంకో మీటింగు తెచ్చుకోకండి. గిట్ నోట్స్ అనే సదుపాయంతో పాత కమిట్‌ను కదపకుండా దానికి వ్యాఖ్య తగిలించవచ్చు, కానీ ఆ నోట్స్ మామూలు పుష్, ఫెచ్‌లతో వాటంతటవి ప్రయాణించవు, టీమ్‌లో వాటిని చూసే అలవాటు లేకపోతే ఎవరి కంటా పడవు.

నాకు మేలుగా కనిపించే దారి వేరు. వరుసవారీ లెక్కను ఎలాగూ మళ్లీ పెట్టాలి కదా, ఆ కొత్త కమిట్‌ను మీరే చేస్తానని అడగండి. అందులో పైన అనుకున్న కారణమంతా రాసి, మీ పాత కమిట్ హ్యాష్‌నూ ఆమె కమిట్ హ్యాష్‌నూ పేర్కొనండి. కెర్నల్‌లో ఇలాంటి సందర్భానికి ‘ఫిక్సెస్’ అనే ఒక ప్రత్యేక వరుస ఉంది. ఏ కమిట్‌తో లోపం వచ్చిందో దాని హ్యాష్‌లో కనీసం మొదటి 12 అక్షరాలు, పక్కనే కోట్స్‌లో దాని సబ్జెక్టు రాస్తారు. స్థిరమైన పాత వెర్షన్లను చూసుకునేవారు ఏ దిద్దుబాటు ఏ వెర్షన్‌కు అవసరమో దాని సాయంతోనే గుర్తిస్తారు. అక్కడ ఆ వరుసను ఎవరూ నిందగా చూడరు. మీ టీమ్‌లో ఇంకా అలా చూసే ప్రమాదం ఉంది కనుక, ఆమె కమిట్‌ను ప్రస్తావించబోతున్నట్టు ముందే ఆమెకు చెప్పండి. వీలైతే ఆమెనే రివ్యూ చేయమనండి. అదే కమిట్‌లో 31.00, 30.99 అంకెలతో ఒక టెస్టూ, ఆ ఫంక్షన్ పైన ఒక వరుస వ్యాఖ్యా పెట్టండి. మెసేజ్ ఎంత బాగున్నా, చరిత్ర తెరిచి చూడాలని తోచినవారికే అది కనబడుతుంది. టెస్టు మాత్రం తోచనివారిని కూడా ఆపుతుంది.

ఇక లీడ్ నమూనా, అన్న మాట. ఇద్దరి మాటల్లోనూ కొంత నిజముంది. స్క్వాష్ చేసి మెర్జ్ చేసే పద్ధతిలో మీ బ్రాంచ్‌లోని (మీ పనికి విడిగా పెట్టుకున్న శాఖలోని) కమిట్‌లన్నీ కలిసి ఒకటవుతాయి. అప్పుడు మధ్యలో మీరు రాసుకున్న ‘అప్‌డేట్’, ‘ఇంకా అవ్వలేదు’ లాంటివి మెయిన్ చరిత్రలో విడి కమిట్‌లుగా ఉండవు. కనుక పని జరుగుతున్నప్పుడు ప్రతి చిన్న కమిట్‌కూ నాలుగు వాక్యాలు రాయక్కర్లేదన్న అన్న మాట సరైనదే. ఆయన చెప్పని సగమేమిటంటే, ఆ కలిసిన ఒక్క కమిట్‌కైనా ఎవరో ఒకరు సరైన మెసేజ్ రాయాలి. పుల్ రిక్వెస్ట్ (మీ మార్పును మెర్జ్ చేయమని పెట్టే విన్నపం) వివరణ రాసే చోట కారణం రాసి, మెర్జ్ చేసేటప్పుడు అదే మెసేజ్‌లోకి వచ్చేలా చూసుకుంటే సరిపోతుంది. స్క్వాష్‌కు ఇంకో ఖర్చూ ఉంది. లోపం ఎప్పుడు వచ్చిందో వెతకడానికి గిట్ బైసెక్ట్ వాడితే, వెయ్యి కమిట్‌లలో సుమారు పది పరీక్షలతో దోషిని పట్టుకోవచ్చు. కానీ పట్టుబడిన కమిట్‌లో రెండు వేల వరుసల మార్పు ఉంటే అసలు వెతుకులాట అప్పుడే మొదలవుతుంది. పెద్ద పనిని రెండు మూడు పుల్ రిక్వెస్టులుగా విడగొడితే ఈ చిక్కు చాలావరకు తగ్గుతుంది. ఒక సూచన పట్టుకోండి: మొదటి వరుస రాస్తుంటే ‘మరియు’ పెట్టాల్సి వస్తోందంటే, అక్కడ రెండు కమిట్‌లు ఉన్నట్టే. గిట్ యాడ్‌కు ప్యాచ్ ఆప్షన్ ఇస్తే, ఒకే ఫైలులోని మార్పులను ముక్కలుగా ఎంచుకుని విడివిడిగా కమిట్ చేయవచ్చు.

లీడ్ అడిగిన టికెట్ నంబరు మంచిదే, కానీ కారణం రాయాల్సిన చోట టికెట్ నంబరొక్కటే పెట్టి ఊరుకునే అలవాటు త్వరగా వస్తుంది. వికీపీడియాను నడిపే మీడియావికీ సాఫ్ట్‌వేర్‌లో ఏం జరిగిందో చూడండి. వాళ్లు 2014 నవంబరులో బగ్‌లను (లోపాలను) నమోదు చేసే బగ్‌జిల్లా నుంచి ఫ్యాబ్రికేటర్ అనే మరో సాధనానికి మారినప్పుడు పాత బగ్ నంబర్లకు 2000 కలిపి కొత్త నంబర్లు ఇచ్చారు. అంటే పాత కమిట్‌లో బగ్ 12345 అని ఉంటే, ఇప్పుడు దాన్ని టీ14345 దగ్గర వెతకాలి. వాళ్లు జాగ్రత్తపరులు కనుక ఆ లెక్క నిలిచింది. సంస్థ టికెట్ల సాఫ్ట్‌వేర్ మార్చి పాతది మూసేస్తే, మీ మెసేజ్‌లో మిగిలేది ఒక నంబరు మాత్రమే. నంబరు పెట్టండి, పక్కన కారణం ఒక్క వాక్యంలోనైనా రాయండి.

మరి ఎవరి మాట వినాలి? నమూనాను అక్షరాలా పాటిస్తే లీడ్ దగ్గర పేచీ ఉండదు, కానీ స్పెల్లింగ్ దిద్దిన కమిట్‌కు కూడా ‘పరీక్షించిన విధానం’ నింపాల్సి వచ్చి మీకే విసుగు పుడుతుంది. అన్న దారిలో వెళ్తే ఇప్పటికి హాయి, కానీ ఇంకోసారి ఇలాంటిదే జరిగితే ఈసారి నియమం రాతపూర్వకంగా ఉంది కనుక మీ వాటా పెరుగుతుంది. మధ్యేమార్గంగా, బ్రాంచ్‌లో మీకు నచ్చినట్టు చిన్న మెసేజ్‌లు రాసుకుని, మెర్జ్ అయ్యే మెసేజ్‌ను మాత్రం నమూనా ప్రకారం రాయవచ్చు. ఇద్దరికీ అభ్యంతరం ఉండదనే నా అంచనా. ఆ నవ్వు విషయం ఆయనతో ఎప్పుడైనా ఒంటరిగా అనాలనిపిస్తే, “అన్నా, ఆ రోజు మీరు నవ్వినప్పటి నుంచి నేను రాయడం మానేశాను, ఈ ఫిక్స్ గొడవ అక్కడి నుంచే వచ్చింది” అని సూటిగా చెప్పండి. ఆయన సర్దుకోవచ్చు, లేదా “ఊరికే సరదాకన్నాను” అని తేల్చేయవచ్చు. రెండోదే జరిగినా, మీరు రాసేది ఆయన నవ్వు మీద ఆధారపడటం ఆగుతుంది. చెప్పాలనిపించకపోతే మానేయండి. అది చెప్పకుండా కూడా మెసేజ్ రాయవచ్చు.

లీడ్ దగ్గరికి వెళ్లే ధైర్యం ఉంటే ఒక్కటి మాత్రం అడగమంటాను. కారణం అన్న గడిని అన్ని కమిట్‌లకూ తప్పనిసరి చేయకుండా, ప్రోగ్రామ్ ప్రవర్తన మారిన వాటికే ఉంచమనండి. తప్పనిసరి అయితే, కారణం లేని చోట మనుషులు ఒక చుక్కో, ‘ఎన్‌ఏ’ అనో పెట్టి దాటేస్తారు. నెల తిరిగేసరికి కారణం ఉన్న చోట కూడా అదే చుక్క కనబడుతుంది.